గల్లి వైపు గడప

మా ఇంటికి పునాది తవ్వే ముందు రోజు ఖాజా పాషా మేస్త్రి మమ్మల్నందరినీ ఖాళీ జాగాలో నిలబెట్టాడు. అది ఆయన పద్ధతి. ఇల్లు గుత్తకు తీసుకున్నాక ముందు సుతిలి తాడు పట్టి, ముగ్గు పోసి, అర్రలన్నీ నేల మీద గీసేవాడు. తరువాత ఇంటివాళ్ళను పిలిచి, "ఎవల జాగల వాళ్ళు నిలవడుండ్రి" అనేవాడు. కాగితం మీద గీసిన ఇల్లు ఎవరికీ అర్థం కాదనీ, కాళ్ళతో నడిస్తేనే ఇరుకో వెడల్పో తెలుస్తుందనీ ఆయన నమ్మకం. పునాదిలో రాయి పడ్డాక "జర ఇటు జరుపు" అని ఎవరన్నా అంటే వినిపించుకునేవాడు కాదు.

అది డెబ్బై ఏడు. కరీమాబాద్ చివర, ఉర్సు గుట్ట కనిపించే చోట బాపు ఆ జాగా కొన్నాడు. బాపు పేరు వెంకట్రాజం. మిల్లులో పని. పెళ్ళయినప్పటి నుంచీ కిరాయి ఇళ్ళే. అందుకని ఆ రోజు ముగ్గు గీతల మధ్య ముందర్రలో నిలబడి, లేని గోడలు ఎక్కడ తగులుతాయోనన్నట్టు రెండు చేతులూ చాపి మెల్లగా తిరిగాడు. అమ్మ వంటింటి మూలలో కూర్చొని, ముందు పొయ్యి ఉన్నట్టే ఊదుగొట్టంతో ఊదినట్టు చేసింది. నేను నడిమి అర్రలో నిలబడ్డాను.

మా మేనత్త మొగిలమ్మ మాత్రం ముగ్గుకు బయట నిలబడింది. వెనక అర్ర గీతకు అవతల, గల్లి పక్కన, నడుముకు బీడీల చాట ఆనించుకొని.

"ఏందక్కా, గల్లిల నిలవడ్డవ్? లోపటికి రా" అన్నాడు మేస్త్రి.

"నా ఇల్లు ఇది కాదు గద తమ్మీ. నా ఇల్లు భీవండిల ఉన్నది" అని నవ్వింది అత్త.

అమ్మ వంటింట్లోంచే అందుకుంది. "ఆఁ, పెద్ద బంగ్లా ఉన్నది. పది మంది పండే ఖోలీ అది. నీ మొగడు కాళ్ళు చాపితే పక్కోని ముక్కుకు తలుగుతయట."

అందరూ నవ్వారు. అత్త కూడా. మేస్త్రి నవ్వలేదు. అత్త నిలబడ్డ చోటు వంక ఒకసారి చూసి, చేతిలో మిగిలిన ముగ్గు దులుపుకొని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

అత్త మొగుడి పేరు ఎల్లస్వామి. వాళ్ళది నెక్కొండ. అక్కడ మగ్గం నేసేవాడు. నూలు దొరక్క, నేసిన బట్ట అమ్ముడుపోక మగ్గం మూలకు పెట్టి, మిల్లులో ఏదన్నా పని దొరుకుతుందేమోనని అత్తను తీసుకొని మా కిరాయి ఇంటికి వచ్చాడు. పని దొరకలేదు. బాపు అడిగినచోటల్లా అడిగాడు. మామ పొద్దంతా వాకిట్లో కూర్చొని పాత రేడియో విప్పి మళ్ళీ బిగించేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏ వస్తువు చూసినా "ఇదేం కట్టె? ఇదేం ఇనుము?" అని అడిగేవాడు. నాకు చీపురుపుల్లలతో చిన్న మగ్గం చేసి ఇచ్చాడు.

ఒకనాడు బాపు మిల్లులో ఎవరితోనో గొడవపడి ఇంటికి వచ్చాడు. అమ్మ కంచాలు పెట్టింది. మామ లేచి కాళ్ళు కడుక్కోబోతుంటే బాపు అన్నాడు: "బావా, మేమేమో మిల్లు సైరన్ ఇంటే లేస్తం. నువ్వు కంచం సప్పుడు ఇంటే లేస్తవ్."

నవ్వులాటకే అన్నాడేమో. కానీ నవ్వు రాలేదు. మామ చేతిలో చెంబు కింద పెట్టాడు. చెప్పులు వేసుకున్నాడు. గడప దాటి గల్లిలో నిలబడి వెనక్కి తిరిగి, "ఇగ నీ గడప తొక్క. తొక్కితే నా పేరు ఎల్లస్వామి గాదు" అన్నాడు. తరువాత లోపలికి చూసి, "మొగిలీ, వస్తవా?" అని అడిగాడు.

అత్త పొయ్యి దగ్గర ఉంది. "వస్తాన. కూర దించి వస్త" అంది. కూర దించింది. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. చీరలు మూట కట్టుకుంది. బయటికి వచ్చేసరికి గల్లి మలుపు దాకా ఎవరూ లేరు. స్టేషన్ దాకా ఉరికింది. అక్కడా లేడు. తరువాత ఎవరో చెప్పారు, రాష్ట్రం దాటి భీవండిలో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పని దొరికిందని.

ఆ తరువాత మామ ఉత్తరం రాయలేదు. దసరాకు మా వైపు వచ్చేవాళ్ళ చేత అత్తకు ఒక చీర పంపేవాడు, అంతే. "ఎప్పుడొస్తడట?" అని అత్త అడిగితే వాళ్ళు, "వస్తనే అంటాండు. కని ఆ ఇంటికి రాడట" అనేవాళ్ళు. రమ్మని కూడా పిలవలేదు. పది మంది మగవాళ్ళుండే ఖోలీకి ఆడమనిషిని ఎట్లా పిలుస్తాడు? నెక్కొండలో వాళ్ళ గుడిసె కూలిపోయింది. బాపుకు తాను అన్న మాట తెలుసు. అత్త ముందు ఆ మాట ఎప్పుడూ ఎత్తేవాడు కాదు.

ఇల్లు మొదలైనప్పుడు నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. లేచే గోడకు పొద్దునా సాయంత్రమూ నీళ్ళు కొట్టాలి. అమ్మకు ఇంట్లో పని, అత్తకు బీడీలు. "ఇల్లయినంక బడికి పోదువు తీ" అన్నాడు బాపు. గోడ మీద నీళ్ళు పోస్తుంటే బడి గంట వినిపించేది. ఇల్లయ్యాక ఆ మాట ఎవరికీ గుర్తు లేదు. నేనూ గుర్తు చేయలేదు.

అట్లా రోజంతా అక్కడే ఉండడం వల్లనే నాకు ఈ సంగతి తెలిసింది. వెనక అర్ర గోడ మోకాలెత్తు లేచింది. అత్త మేస్త్రికి ఛాయ్ తెచ్చింది. నేను గోడకు ఇవతల కుండతో ఉన్నాను.

"పాషా తమ్మీ, ఈ గోడకు గల్లి దిక్కు ఒక దర్వాజ పెడ్తె ఏమైతది?"

"ఏమైతది, దర్వాజ అయితది" అని నవ్వాడాయన. "గుత్తల మూడే దర్వాజలు అనుకున్నం అక్కా. నాలుగోది కావాల్నంటే మీ అన్నను అడుగు. ఆయన ఊ అంటే నాదేం పోయింది?"

"అన్నను అడుగరాదు."

"ఎందుకు?"

"గల్లికి దర్వాజ అడిగితే పాలు అడిగినట్టే గద. వదినె ఏమనుకుంటది? తిండి పెట్టి సాకుతాంటే ఇంట్ల పాలు అడుగుతాందనుకోదా?"

అది నిజం. మా వాడల్లో అన్నదమ్ములు పాలు పంచుకొని వేరుపడితే ముందు చేసే పని అదే. గోడ పగలగొట్టి గల్లికి వేరే దర్వాజ పెట్టుకుంటారు. ఆ తరువాతే గిన్నెలు పంచుకుంటారు.

"మరి నీకెందుకే దర్వాజ?" అన్నాడు మేస్త్రి.

 అత్త కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. తరువాత మామ వెళ్ళిన రోజు సంగతి చెప్పింది. కూర దించిన సంగతి కూడా చెప్పింది.

"ఆయన అన్న గడప తొక్క అన్నడు" అంది. "నా గడప తొక్క అనలే."

మేస్త్రి ఛాయ్ గ్లాసు చేతిలోనే ఉంచుకొని గోడ వంక చూశాడు. "ఇంటాయనకు చెప్పకుండ నేనింతవరకు ఒక్క ఇటుక కూడ పెట్టలే" అన్నాడు. అది అత్తతో కాదు, తనతోనే అనుకున్నట్టు. గ్లాసు కింద పెట్టి, గోడ వెంబడి నడిచి ఒకచోట ఆగాడు. అత్త ముగ్గు బయట నిలబడ్డ చోటికి సరిగ్గా ఎదురుగా.

"దర్వాజ పెట్ట. దర్వాజకు జాగ పెడ్త" అన్నాడు. "ఇక్కడ రెండు దిక్కులా గోడను సీదా ఆపేస్త, ఇటుకకు ఇటుక కలుపకుండ. మీద బండ ఏస్త, బరువు ఆగెటట్టు. నడుమ సందును ఉత్త మట్టితోని నింపి గిలాబు జేస్త. చూసినోనికి గోడే. ఎప్పుడు కావాల్నంటే అప్పుడు గడ్డపారతోని నాలుగు పోట్లు పొడిస్తె దర్వాజ."

"ఎవలకు తెల్వదా?"

"నాకెర్క. నీకెర్క." అప్పుడు నన్ను చూశాడు. "ఈ పిల్ల?"

"కోమలా? అది నోట్లె నాలుక లేని పిల్ల" అంది అత్త.

మేస్త్రి కూలివాళ్ళను వేరే గోడకు పంపి ఆ సందును తానే నింపాడు. త్వరగా తవ్వడానికి వీలుగా ఉంటుందని ఎర్రమన్ను కాకుండా చేనులోంచి నల్ల రేగడి మట్టి తెప్పించాడు. నేను నీళ్ళు పోయబోతే, "ఈ తుకుడకు నీళ్ళు వద్దు బిడ్డా, పక్కల పొయ్యి" అన్నాడు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ముందు దర్వాజకు చౌకట్, అంటే ద్వారబంధం, నిలబెట్టే రోజు వచ్చింది. మా దగ్గర ఆ పని ఇంటి ఆడబిడ్డ చేతి మీదుగా జరగాలి. ఆమె గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, నవధాన్యాల మూట కడితేనే చౌకట్ ఎత్తుతారు. ఆ పట్టింపు అందరికంటే మేస్త్రికే ఎక్కువ. "ఆడబిడ్డ చెయ్యి పడందే నేను ఎత్త" అని తాపీ పక్కన పెట్టి కూర్చున్నాడు. అత్త బాపు గడపకు పసుపు రాసింది. మెల్లగా, మూలమూలకూ వేలు పోనిచ్చి రాసింది. బాపు చీర పెట్టాడు. "ఇంకేమన్న కావాల్నా మొగిలీ?" అని అడిగాడు.

"ఏమద్దన్నా" అంది. మేస్త్రి తల వంచుకొని గుండు తాడు సరిచేస్తున్నాడు.

డెబ్బై ఎనిమిదిలో ఇంట్లోకి వచ్చాం. వెనక అర్రలో వడ్ల గుమ్మి, బాపు పాత మగ్గం సామాను, అత్త. ఆ గోడకు అత్త మేకు కొట్టనిచ్చేది కాదు. మధ్యాహ్నం పూట దానికే వీపు ఆనించి బీడీలు చుట్టేది. గల్లిలో చెప్పుల చప్పుడు వినబడితే ఆమె వేళ్ళు ఆగేవి. చప్పుడు దాటిపోయాక మళ్ళీ కదిలేవి. నేను ఎదురుగా కూర్చొని ఆకు కత్తిరించి ఇచ్చేదాన్ని. ఆమె ఆగినప్పుడల్లా నేనూ ఆగేదాన్ని.

ఒకరోజు ఆమె వేలి కణుపుతో గోడ మీద కొట్టింది. ఒకచోట గట్టి చప్పుడు, ఒకచోట మొద్దు చప్పుడు. "ఇగో, ఇక్కడికెళ్ళి ఇక్కడిదాంక" అని గాలిలో చేత్తో గీసి చూపింది. "మీ మామ పొడుగు. బండ తలుగుతదేమో. వంగి రావాలె." నిజంగానే ఎవరో వంగి లోపలికి వస్తున్నట్టు చూసింది.

రెండు వానకాలాలు ఏమీ కాలేదు. మూడో ఏడు వాన పట్టింది. పట్టిందంటే, బట్టలు పొయ్యి మీద ఆరేసుకున్నాం. ఒక పొద్దున అమ్మ వడ్ల కోసం వెనక అర్రలోకి పోయి కేక వేసింది.

"ఓ కోమలా, మీ బాపును పిలువే! గోడల దర్వాజ మొలిచింది."

నేను పోయి చూశాను. తెల్లటి సున్నం గోడ మీద, మనిషి ఎత్తున, తడి చారలు. రెండు నిలువు చారలు, పైన ఒక అడ్డం చార. లోపలంతా బూడిద రంగు. బొగ్గుతో గీసినా అంత సరిగ్గా రాదు. రేగడి మట్టి నీళ్ళు తాగి ఉబ్బింది. మీద పూసిన గిలాబు దాని చుట్టూనే పగిలింది. అత్త బీడీల చాట ఒళ్ళో పెట్టుకొని గుమ్మి పక్కన కూర్చొని ఉంది. ముఖం తెల్లబోయి ఉంది.

బాపు గోడ తట్టి చూసి, సైకిలు తీసుకొని పోయి మేస్త్రిని పిలుచుకొచ్చాడు.

"ఏం గిలాబు ఇది పాషా భాయ్? గుత్త అంటే పైపైన పూసి పోవుడేనా? ఊరంత నీ పేరు చెప్తరని నీకిచ్చిన."

మేస్త్రి గోడను చూశాడు. చేత్తో తడి తుడిచాడు. ఆయన పనిలో తప్పు చూపించినవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. గోడ అంగుళం వంకర ఉందన్న ఒక ఇంటాయనతో రోజంతా గుండు తాడు పట్టుకొని వాదించాడని చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు వాదించలేదు.

"నా తప్పే వెంకట్రాజం అన్నా. మట్టి మంచిగ చూసుకోలే. ఒక దినం పని. నేనే చేసిస్త."

"ఈ తప్పు ఎట్లయితదయ్యా? దర్వాజ లెక్క సీదాగ ఎట్ల పలుగుతది? మీద బండ ఉన్నది! గోడ నడుమ బండ ఎందుకు ఏసినవ్?"

"ఏసిన. తప్పయింది" అన్నాడు మళ్ళీ.

అత్త లేచి నిలబడింది. ఒళ్ళో బీడీలన్నీ కింద పడ్డాయి.

"భాయ్ తప్పు లేదన్నా. నేనే పెట్టుమన్న."

అమ్మ ముందు అందుకుంది. "దర్వాజనా? గల్లికా? ఎందుకే? నిన్నెవలేమన్నరు? పాలు కావాల్నా నీకు?"

"పాలు వద్దు వదినె."

"మరి?"

 అత్త బాపు వంక చూసింది. బాపు అప్పటికే అర్థం చేసుకున్నాడు. గోడ మీద చేయి తీసి, గుమ్మికి ఆనుకొని కూర్చున్నాడు. 

"నన్నడిగితే పెట్టియ్యనా మొగిలీ?"

"పెట్టిస్తువు."

"మరి?"

"అడుగుడు గాలే అన్నా."

"పరాయి మనిషిని అడిగినవ్. నన్నడుగలేదు" అన్నాడు బాపు. ఆయన గొంతు నేను అట్లా ఎప్పుడూ వినలేదు. "ఆ దినం నేనన్న మాట... ఊకె అన్న. మిల్లుల కడుపు మండి అన్న. ఆయన గంత పట్టుకపోతడనుకున్ననా?" తరువాత లేచి, "పాషా భాయ్, రేపే తియ్యి. మంచి చౌకట్ పెట్టు. పెద్దది పెట్టు" అన్నాడు.

అప్పుడు అత్త అన్న మాటకు అందరం ఆమె వంక చూశాం.

"వద్దన్నా. తియ్యద్దు. ఉండనియ్యి."

"ఇదేం మనిషివే?" అంది అమ్మ. "నువ్వే పెట్టుమంటివి. తీస్తమంటే వద్దంటవ్?"

అత్త కింద పడ్డ బీడీలు ఏరుకోసాగింది.  నేనూ వంగి ఏరాను. అందరూ వెళ్ళాక, నా వంక చూడకుండానే అంది: "ఇప్పటిదాంక దర్వాజ లేదు గనుక రాలేదనుకుంటాన. తీసినంక కూడ రాకపోతే ఏమనుకోవాలె కోమలా?"

 చాటలోంచి ఒక ఆకు తీసి కత్తిరించాను.

మేస్త్రి మూడోనాడు మళ్ళీ వచ్చాడు. వాన అట్లాగే ఉంది. తడి గోడను నొక్కి చూసి, వెనక అర్ర గుమ్మంలోనే కూర్చున్నాడు. అత్త ఛాయ్ ఇచ్చింది.

"అక్కా, ఒక్క మాట. ఇది ఇట్ల ఉండదు. మట్టి ఉబ్బింది. వాన ఇంక పడితే ఈ తుకుడ పక్క గోడను కూడ నూకుతది. ఇండ్ల పిల్ల తిరుగుతది. ఒకటి సిమెంటు పెట్టి బందు జెయ్యాలె. లేకపోతే తియ్యాలె. నడుమల ఇంకేం లేదు."

అత్త నేల చూస్తూ కూర్చుంది.

"సిమెంటు పెడితే ఇగ గడ్డపారకు రాదు. గోడంత పోవాలె" అన్నాడాయన. "నేను ఫికర్ చెయ్యకు అని చెప్ప. ఆయన వస్తడని కూడ చెప్ప, నాకేమెర్క? కని దర్వాజనే లేకుంటే, వచ్చినోడు గల్లిల నిలవడి ఏ గోడను పిలువాలె?"

అత్త తల ఎత్తింది. "తియ్యి తమ్మీ. కని గడప నేను కొనుక్కుంట. అన్న కొనద్దు."

బాపు ఆ మాటకు నొచ్చుకున్నాడు. కానీ ఎందుకో తెలుసు కాబట్టి ఊరుకున్నాడు. చౌకట్, తలుపు మామిడి చెక్కతో ఆయన చేయించాడు. గడప మాత్రం అత్త తన బీడీల డబ్బులతో కొన్నది. కోత మిషను దగ్గరికి మేస్త్రిని వెంట తీసుకొని పోయింది. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన టేకు తుకుడ ఒకటి ఏరుకుంది. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి మరీ ఏరుకుందని మేస్త్రి నవ్వుతూ చెప్పాడు.

గోడ తీసిన రోజు వాన వెలిసింది. మేస్త్రి గడ్డపారతో నాలుగు పోట్లు కాదు, చాలానే పొడిచాడు. మట్టి ముద్దలు ముద్దలుగా గల్లిలోకి పడింది. పైన బండ కదలలేదు. ఒక్కసారిగా అర్రలోకి వెలుతురు వచ్చింది. గుమ్మి వెనక పేరుకున్న దుమ్ము కనిపించింది. గల్లిలో పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు. "ఏం వెంకట్రాజం, పాలు పంచుకుంటాన్రా?" అని ఒకాయన అడిగాడు. "అవ్, నీకు గూడ ఒకటి ఇయ్యమంటవా?" అంది అమ్మ. ఆ తరువాత ఎవరూ అడగలేదు.

చౌకట్ తెచ్చి నిలబెట్టబోతూ మేస్త్రి ఆగాడు. "ఆడబిడ్డ ఎవలు?"

 బాపు ఇంటికి అత్త ఆడబిడ్డ. అత్త గడపకు ఆడబిడ్డ అంటే మామ తోబుట్టువు. మామకు తోబుట్టువులు లేరు. అమ్మ, "ఇప్పుడవన్ని ఎందుకు భాయ్, ఎత్తుండ్రి" అంది. మేస్త్రి చౌకట్ కింద పెట్టి, దాని పక్కన కూర్చున్నాడు. "ఎత్త" అన్నాడు.

నేను వంటింట్లోకి పోయి పసుపు తెచ్చాను. అంతమంది ముందుకు రావడం నాకు అలవాటు లేదు. గల్లిలో కూడా జనం ఉన్నారు. తల ఎత్తకుండా గడప ముందు కూర్చొని రాయడం మొదలుపెట్టాను. అత్త ఆ రోజు బాపు గడపకు ఎట్లా రాసిందో అట్లాగే, మూలమూలకూ.  అత్త నా పక్కన కూర్చొని కుంకుమ భరిణె పట్టుకుంది. అయిపోయాక లోపలికి పోయి, మామ భీవండి నుంచి పంపిన చీరల్లో మడత విప్పనిది ఒకటి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ముదురు నీలం, చిన్న అంచు. ఆ చీర నా దగ్గర ఇంకా ఉంది.

దసరా అయ్యాక మా వాడ యాకయ్య భీవండి పోతుంటే అత్త గల్లి దర్వాజలోంచే పిలిచింది. "మీ ఖోలీల ఎల్లస్వామికి చెప్పు. గల్లి దిక్కు నా గడప ఉన్నదని చెప్పు. అది అన్నది కాదని చెప్పు. మరువకు."

"మరువనే చిన్నమ్మా. ఇంకేమన్న చెప్పాల్నా?"

"ఏమద్దు. గదే."

యాకయ్య మళ్ళీ వచ్చే దాకా ఏడాది పట్టింది. అత్త అడిగేలోపే చెప్పాడు. "చెప్పిన చిన్నమ్మా. ఇన్నడు."

"ఏమన్నడు?"

"ఏమనలే. సాంచ బందు జేసి చాన సేపు నిలవడ్డడు. గడప ఏం కట్టెది అని అడిగిండు."

"ఏం చెప్పినవ్?"

"నాకేమెర్క? కట్టెదే అన్న."

"టేకుదిరా! టేకుదని చెప్పద్దా!" అని అత్త గట్టిగా అరిచింది. తరువాత నవ్వింది. ఆ వారమంతా పొయ్యి ముందు కూర్చున్నా, బీడీలు చుట్టినా ఆమె ఉన్నట్టుండి నవ్వేది. "గడప ఏం కట్టెదని అడిగిండట" అని అమ్మతో చెప్పింది, నాతో చెప్పింది, నీళ్ళకు వచ్చిన వాళ్ళతో చెప్పింది. యాకయ్య తిరిగి పోయేటప్పుడు రెండుసార్లు చెప్పి పంపింది, టేకు అని.

అది నిరుడు. ఈ దసరాకు మామ చీర రాలేదు. మనిషీ రాలేదు. చీర రాకపోవడం మంచికేనని అత్త అంటుంది. వచ్చే మనిషి చీర ఎందుకు పంపుతాడు అంటుంది. పొద్దున లేచి ముందు ఆ గడప కడిగి పసుపు రాస్తుంది, తరువాతే బాపు గడపకు. ఇప్పుడు గోడకు కాకుండా చౌకట్‌కు వీపు ఆనించి బీడీలు చుడుతుంది. గల్లిలో చెప్పుల చప్పుడు వచ్చేదాకా ఆగనక్కర లేదు, మలుపు దగ్గర నుంచే మనిషి కనబడతాడు. అయినా ఆమె వేళ్ళు ఆగుతూనే ఉన్నాయి.

మొన్న ముసురు పట్టినప్పుడు ఖాజా పాషా మేస్త్రి వచ్చాడు. హనుమకొండలో పెద్ద పని గుత్తకు తీసుకున్నాడట, తీరిక ఉండడం లేదట. అయినా వాన పడితే ఆ గోడ ఎట్లా ఉందో చూడడానికి వస్తాడు. గోడ పొడిగా ఉంది. కానీ తలుపు మామిడి చెక్కది, చెమ్మకు ఉబ్బింది. తెరవబోతే గడప మీద కర్రుమని రాసుకుంది. మేస్త్రికి ఆ చప్పుడు నచ్చలేదు.

"గిదేందక్కా, పీనుగు లేచినట్టు మొత్తుకుంటాంది. ఉండు, సంచిల రంద ఉన్నది. వడ్లాయన దగ్గర అడిగి తెచ్చిన. కింద జర గీకితే సాఫ్ అయితది."

తలుపు అంచుకు చిత్రిక పట్టే ఆ రంద ఆనించాడు. అత్త చాట కింద పెట్టి లేచి వచ్చి ఆయన చేతి ముందు తన చేయి అడ్డం పెట్టింది.

"వద్దు తమ్మీ. ఉండనియ్యి."

"ఎందుకే? తీయవెడ్తే ఇంటి నాలుగు మూలలకు ఇనవడ్తాంది."

"ఇనవడాల్ననే" అంది అత్త. "నేను ఆ దినం పొయ్యి కాడ ఉంటి. ఆయన పోయిన సప్పుడు ఇనవడలే."

మేస్త్రి రంద సంచిలో పెట్టుకున్నాడు. ఛాయ్ తాగి, గల్లి దర్వాజలోంచే బయటికి వెళ్ళాడు. తలుపు కర్రుమంది. వంటింట్లో ఉన్న అమ్మ, "ఎవలొచ్చిన్రు?" అని కేకేసింది.

"ఎవలు లేరు వదినె. పాషా తమ్ముడు పోతాండు" అంది అత్త. తలుపు మళ్ళీ వేయలేదు.